దీపం పెట్టినంక సూది

మా ఆయనను ఎవలేది అడిగినా ముందుగాల వాళ్ళ మొకం దిక్కు చూసేటోడు కాదు, అంగి దిక్కు చూసేటోడు. కుట్టు ఏడ ఇడిసింది, కాజా ఏడ సాగింది, జేబు ఎటు గుంజుతున్నది, అన్ని చూసుకున్నంకనే నోరు తెరిసేటోడు. దర్జీ పని చేసిన మనిషి గద, యాభై ఏండ్లు మిషను తొక్కిండు. బేస్తారం వస్తె మా ఇంట్ల తత్వాలు పాడుకునేటందుకు పదీ పదిహేను మంది వచ్చి కూసునేది. వాళ్ళందరికి ఆయన గురువయ్య. నేను ఎన్నడు పేరు వెట్టి పిలిసినదాన్ని కాదు. ఆయన పోయి నెల పది దినాలైంది, ఇప్పుడు గూడ ఆ పేరు నా నోటికి రాదు. ఇయ్యాల్టికి నేను గూడ గురువయ్య అనే అంట. ఎవలకు యాదికున్న ముచ్చట వాళ్ళు ఫోన్ల చెప్పుండ్రి, అన్ని ఒక్కకాడ పెడ్తం అన్నరు మీరు శిష్యులంత. నాకు సదువు లేదు, రాసుడు రాదు. ఇది మాత్రం నా కండ్ల ముంగట అయిన ముచ్చట, అందుకే చెప్తున్న. ఓదేలు సూది కోసం పోయిన ముచ్చట.

ఓదేలు పరకాల దిక్కు మనిషి. కరెంటు ఆఫీసుల లైన్‌మన్ చేసి రిటైరైండు. స్తంభాలు ఎక్కీ ఎక్కీ ఆయనకు లోకమంత స్తంభాల లెక్కనే కనవడ్తది. ఒక్కతే బిడ్డ, రజిత. నెత్తురు పరీక్షలు చేసే సదువు సదివింది, హన్మకొండల ఒక దవాఖాన్ల పని దొరికింది. పగటీలి పన్నెండుకు డ్యూటి ఎక్కితె రాత్రి ఎనిమిదికి దిగుడు. బస్సు ఊరవతల కమాను కాడ దింపేసరికి ఎనిమిదిన్నర దాటుతది. ఆ కమాను లోపట్నే గుట్టకింది గల్లి. గల్లి సివర ఒక మిద్దె మీద అర్ర చూసుకున్నది పిల్ల. "నాయినా, నాకు గిదే నచ్చింది" అన్నది. నాయినకు నచ్చలె. తెల్లారితె ఆ ఇంటామెకు అవునో కాదో చెప్పాలె. దవాఖానకు ఇంతకంటె దగ్గర్ల వేరే అర్ర దొరకలె. ఓదేలు మనసుల ఉన్నదేందంటె, కాదని చెప్పి, పనికి గూడ రానని పిల్లతోని ఫోన్ చేపిచ్చి, ఎంటవెట్టుకొని పరకాలకు తోల్కపోవుడు. పిల్ల కండ్లు ఉబ్బిచ్చుకొని ఆ దినం పనికి పోయింది, ఇదే ఆఖరి దినమేమో అనుకుంట.

ఆ దినం పొద్దుగూకే యాళకు ఓదేలు మా ఇంటికి వచ్చి గురువయ్య ముంగట సాపల కూసున్నడు. జేబుల నుంచి ఒక కాయితం తీసిండు. "గురువయ్యా, నిన్న రాత్రి ఆ గల్లంత తిరిగి లెక్క వెట్టిన. పద్నాలుగు స్తంభాలు. వెలిగేటియి అయిదు. ఒకటి ఆరుకుంట వెలుగుకుంట ఉన్నది. కుక్కలు ఏడు. కమాను కాడ బండ్ల మీద పోరగాండ్లు ఆరుగురు, ఏం పని లేదు, ఊకెనే కూసున్నరు. కెమెరా ఒక్కటున్నది, అది గూడ గోడ దిక్కు చూస్తది. పగటీలి ఏ గల్లైనా మంచిగనే కొడ్తది. పొద్దుగూకినంక అది ఎసొంటిదో ఎట్ల తెలువాలె? బిడ్డను అక్కడ ఇడిసిపెట్టాల్నా, తోల్కపోవాల్నా? నువ్వు ఏదంటె అదే."

గురువయ్య ఎప్పటిలెక్కనే ఓదేలు అంగి దిక్కు చూసిండు. తెల్లంగి, ఇస్త్రీ మీదున్నది. మెల్లగ ముంగటికి వంగి, మిషను మీది చిన్న కత్తెర అందుకొని, అంగి రెండో గుండీ కుట్టు కత్తిరిచ్చి, ఆ గుండీ తీసి ఓదేలు అరచేతుల పెట్టిండు.

"అయ్యో గురువయ్యా, గిదేంది! నువ్వు కుట్టిన అంగే గద ఇది!"

"నేను కుట్టింది గాబట్టే కత్తిరిచ్చిన. పరాయోళ్ళ కుట్టు నేను ముట్ట. నడువు, గుట్టకింది గల్లికి పోదాం. ఆడ ఎవలనన్న సూది అడిగి, ఈ గుండీ కుట్టుకొని రా."

"సూది కోసం ఆడిదాంక పోవాల్నా? నీ కాలర్ కిందనే రెండున్నయి గదా."

"అవి నాయి" అన్నడు.

నిజమే, ఆయన కాలర్ కింద ఎప్పటికి రెండు సూదులు గుచ్చి ఉండేది. ఇప్పుడవి గోడకున్న క్యాలెండర్‌కు గుచ్చి పెట్టిన. నేను గప్పుడు నోరు తెరవబోయిన, ఆయన నా దిక్కు ఒక చూపు చూసిండు. యాభై ఏండ్ల కాపురంల ఆ చూపుకు అర్థం ఒక్కటే, నువ్వు ఊకో అని. మీల ఆడోళ్ళకు ఎరుకే, దీపం పెట్టినంక సూది ఎవలకు ఇయ్యరు. ఇస్తె దాని ఎంబడి ఇంట్ల లచ్చిమి పోతదంటరు. మొగోళ్ళకేం ఎరుక? ఎన్నడన్న సూది బదులడిగేటందుకు ఎవలింటికన్న పోయిండ్రా? ఏ ఇంట్ల గూడ ఇయ్యని వస్తువు ఏదో సూసి, దాని కోసమే ఓదేలును తోలిండు మా ఆయన.

ముగ్గురం ఆటోల పోయినం. చలికాలం, ఏడున్నరకే చీకటి గట్టిగైంది. కమాను పక్కన మోరీ మీద బండ ఉంటె నేనూ గురువయ్య దాని మీద కూసున్నం. పోరగాండ్లు ఎప్పటిలెక్కనే బండ్ల మీద ఉన్నరు. వాళ్ళను తప్పిచ్చుకొని, గోడ పొంటి గోడ పొంటి ఓదేలు లోపటికి పోయిండు, ఒక చేతుల గుండీ, ఒక చెయ్యి రొమ్ము మీద, అంగి నోరు తెరుసుకోకుంట పట్టుకొని. ఇరుకు గల్లి, మాట్లాడితె కమాను దాంక ఇనవడ్తది. మొదటి ఇంటి తలుపు కొట్టిండు. బియ్యం కడిగే చేతులతోనే ఒకామె బయిటికి వచ్చింది.

"అమ్మా, జర సూది ఉంటె ఇస్తవా?"

"ఏందీ?"

"సూదమ్మా. సూది, దారం."

"దీపం పెట్టినంక సూది అడుగుతున్నవా! నీకంటె తెల్వదు, నీ ఇంట్ల చెప్పెటోళ్ళు గూడ లేరా?" తలుపు దబ్బున పడ్డది. గని ఎంటనే పక్క కిటికీ తెరుసుకున్నది. "ఓ కనకవ్వా! ఎవలో కొత్త మనిషి సూది అడుక్కుంట వస్తుండు, ఇయ్యకు!"

రెండో ఇంటి ముంగటికి పోయిండో లేదో, నోరు తెరవకముందే లోపటినుంచి "లేదు, సూది లేదు, పో" అని వినవడ్డది. మూడో ఇంట్ల ఒక ముసలాయన అన్నం గిన్నె చేతుల వట్టుకొనే వాకిట్లకు వచ్చిండు. "నువ్వేనా సూదాయన? ఏ ఊరు? ఎవలింటికి?" అని అడుగుతాంటె, జవాబు గూడ చెప్పకుంట ఓదేలు ఉరికొచ్చినట్టే మా కాడికి వచ్చిండు.

"నడువుండ్రి గురువయ్యా, పోదాం. మూడిండ్లు తిరిగిన. ఒకామె తిట్టింది, ఒకామె వెళ్ళగొట్టింది, ఒకాయన పోలీసు లెక్క అడుగుతుండు. మంచి గల్లి గాదిది."

"గుండీ కుట్టుకున్నవా?"

"లే."

"మరి?"

ఇగ ఓదేలు మల్ల గల్లి దిక్కు మర్రిండు. గప్పుడు బండ్ల మీదికెల్లి ఇద్దరు పోరగాండ్లు దిగిండ్రు. "ఓ పెద్దనాయినా, ఆగు!" అన్నరు. ఓదేలు ఏడున్నోడు ఆడ్నే నిలవడ్డడు. అబద్ధమెందుకు, నేను గూడ బండ మీదికెల్లి లేవబోయిన. ఈయన మాత్రం మోరీ మీద కూసొని చిన్న పిల్లగాని లెక్క కాళ్ళు ఊపుతుండు. కండ్లు మూస్తె ఇప్పుడు నాకు ఆ కాళ్ళే కనవడ్తయి.

"ఎవలింటికి పోవాలె? తలుపు తలుపు కొడ్తున్నవంట?"

"ఎవలింటికి లేదు బిడ్డా. సూది... గుండీ ఊడింది..."

"సూదా!" పోరగాండ్లు ఒకని మొకం ఒకడు చూసుకున్నరు. "మా గల్లిల గీ యాళ సూది అడిగితె సీపురు తీస్తరు పెద్దనాయినా. నడువు మాతోని." అని, చెరొకడు చెరోదిక్కు, మధ్యల ఓదేలు. స్టేషన్‌కు తీస్కపోతున్నట్టే ఉన్నది చూసేటోళ్ళకు. అయిదో ఇంటి కాడ ఆపిండ్రు. "ఓ ముత్తవ్వా! నీకు గిరాకి వచ్చింది!"

ముత్తవ్వ అంటె బొంతలు కుట్టే అవ్వ. ఎనభై దాటినయి, ముక్కు మీద మందపు అద్దాలు. అరుగు మీదికి వచ్చి ఓదేలును కిందికెల్లి మీదికి చూసింది. "సూదా? ఇయ్య. పొద్దుగూకినంక నా ఇంటి సూది గడప దాటది."

"సరే అవ్వా. పోత మరి."

"ఏడికి పోతవ్? సూది గడప దాటద్దన్న. నిన్ను దాటద్దన్ననా? లోపటికి రా. అంగి ఇప్పు."

ఇగ గురువయ్య మోరీ మీదికెల్లి లేసిండు. నేను చెయ్యి పట్టుకొని నడిపిచ్చిన, చీకట్ల ఆయనకు సక్కగ ఆనదు. మేం పోయేసరికి ముత్తవ్వ ఇంట్ల నులక మంచం మీద ఓదేలు ఉత్త బనీనుతోని కూసొని ఉన్నడు. ఆ బనీనుకు రెండు బొక్కలు. అవ్వకు సూదిల దారం ఎక్కుతలేదని ఫోన్ లైటు పట్టుకొని నిలవడ్డది ఎవలనుకున్నరు, మొదటి ఇంట్ల తిట్టినామె. అన్నం గిన్నె ముసలాయన గూడ వచ్చిండు, గిన్నెతోనే. అందరు ఒక్కసారే అడుగుతున్నరు. ఏ ఊరు, ఎవలోళ్ళు, పిల్లలెందరు, గీ చలిల నీకేం పని. ఓదేలు చెప్పక ఏం చేస్తడు, అంగి వాళ్ళ చేతుల ఉన్నది. బిడ్డ సంగతి, దవాఖాన సంగతి, మిద్దె మీది అర్ర సంగతి అంత చెప్పిండు.

"ఎనిమిదిన్నర బస్సా?" అన్నడు ఒక పోరడు. "అది కమాను కాడికి వచ్చేసరికి పావుతక్కువ తొమ్మిదైతది పెద్దనాయినా. మా చెల్లె గూడ దాంట్లనే వస్తది. వీళ్ళక్క గూడ. లేకపోతె గా మోరీ కాడ దోమలతోని కుట్టిచ్చుకుంట కూసునుడు మాకేమన్న సోకా?"

ఓదేలు కాయితం అంగి జేబుల ఉండె. తీయబోయినట్టు చెయ్యి రొమ్ము మీదికి పోయింది, ఆడ బనీను బొక్క తగిలింది. చెయ్యి దింపిండు.

బస్సు వచ్చింది. కమాను కాడ్నే దిగుమని నాయిన ఫోన్ చేసి ఉండె, రజిత దిగి గల్లిలకు వస్తాంటె, ఒక కిటికీలకెల్లి కనకవ్వ పిలిసింది. "నువ్వు సూదాయన బిడ్డవా? మీ నాయిన మా ముత్తవ్వ ఇంట్ల అంగి లేకుంట కూసున్నడు, పో." పిల్ల ఎట్ల ఉరికొచ్చిందో ఏం చెప్పాలె! గుమ్మంల నిలవడి చూస్తె, నాయిన మంచం మీద చాయ్ తాక్కుంట, పోరగాండ్లకు చెయ్యి తిప్పుకుంట చెప్తుండు. "ఆ ఆరుకుంట వెలిగేది ఉన్నదే, దానికి హోల్డర్ లూజు. రేపు పొద్దుగాల ఎవలన్న నిచ్చెన తెండ్రి, నేను చెప్పినట్టు పట్టుకోవాలె, ఊగొద్దు."

"నాయినా! అంగేది?"

అంతే, ఇల్లంత గొల్లుమన్నది. ముత్తవ్వ నవ్వీ నవ్వీ సూదిలకెల్లి దారం జారగొట్టుకున్నది. మొదటి ఇంటామె మల్ల లైటు పట్టాల్సి వచ్చింది. "నీకంటె తెల్వదు, నీ బిడ్డకన్న నేర్పు, దీపం పెట్టినంక సూది అడుగద్దని" అన్నది ఓదేలును. రజిత నవ్వుకుంటనే కండ్లు తుడుసుకున్నది. పొద్దటి ఏడుపు అట్లనే ఉన్నదేమో లోపట.

అంగి తొడుక్కొని మాతోని కమాను దాంక వచ్చిండు ఓదేలు. రజిత ఎనుక ఆ పోరగాని చెల్లెతోని ముచ్చట వెట్టుకుంట వస్తున్నది. అయినా ఆయనకు ఇంక అనుమానం తీరలె. "గురువయ్యా, నాలుగిండ్లల్ల ఒక్కలు గూడ సూది ఇయ్యలె. మరి రేపు ఇంటామెకు ఏం చెప్పమంటవు?"

గురువయ్య ఆయన్ను వెలిగే స్తంభం కిందికి గుంజుకపోయిండు. కండ్లు సరిగ ఆనవు గద, అంగికి ముక్కు తాకేటట్టు వంగిండు. తెల్లంగి మీద ముత్తవ్వ బొంతల పచ్చదారం. గుండీ పట్టుకొని ఒకసారి గుంజిండు, రెండోసారి గట్టిగ గుంజిండు, ఓదేలే ముంగటికి వచ్చిండు గని గుండీ రాలె.

"రంగు కలువలె" అన్నడు. మల్ల ఒకసారి ఏలుతోని తడిమి, అంగి సక్కగ చేసి, "ఊడదు" అన్నడు.