గుక్కెడు నీళ్లు

వకుళ చేసిన పనికి నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆమె చేసేది అంగిలి కేన్సర్ మీద పరిశోధన. చుట్ట నిప్పు నోట్లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిట్లో కణితి ఎలా మొదలవుతుందో పట్టుకోవాలని పంతం. అందుకు కణితి నుంచి కోసిన పచ్చి ముక్క కావాలి. తీసిన వెంటనే గడ్డకట్టించి దాచాలి. అలాంటి ముక్క కోసం నెలల తరబడి కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తే, ఆ రోజు పైడమ్మ అనే ముసలామె అంగిలి నుంచి వచ్చింది. వచ్చీరాగానే, రోజూ చేసే అలవాటు కొద్దీ, ముక్కలు కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ మందు సీసాలో వేసేసింది!

మూత బిగించాక గానీ తెలిసిరాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఫార్మలిన్ తగిలిన ముక్క ఆమె తలపెట్టిన పరీక్షకు ఇక పనికిరాదు.

సీసా పట్టుకుని గబగబా గురువుగారి గదికి వెళ్లింది. జకరయ్యగారు జుట్టు నెరిసేదాకా కణితుల్నే చూసిన డాక్టరు. మాటల్లో మహా పొదుపరి.

"సార్, పైడమ్మ ముక్క పాడైంది. మనిషి ఇంకా వార్డులోనే ఉంది. సర్జన్‌గారికి మీరొక్క మాట చెబితే ఇంకోటి తీస్తారు."

"పాడైందా?"

"అంటే... నేనే పాడుచేశాను సార్. గోరంత ముక్కేగా, మళ్లీ తీస్తే ఏం పోయింది?"

ఆయన కోప్పడలేదు. కూజాలోంచి గ్లాసులోకి నీళ్లు వంచి ఇచ్చారు.

"తాగమ్మా. నాలుక మాత్రం అంగిలికి తగలకూడదు."

ఇదేం పరీక్షరా దేవుడా అనుకుంటూ వకుళ నీళ్లు నోట్లో పోసుకుంది. నాలుకను కిందికి అణిచిపెట్టి మింగబోయింది. గుటక పడితేగా! మళ్లీ ప్రయత్నించింది. నీళ్లు పెదాల పక్క నుంచి కారి తెల్లకోటు తడిసింది.

గురువుగారు తన పని తాను చూసుకుంటున్నారు. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి, మూతి తుడుచుకుని, వార్డుకు నడిచింది.

పైడమ్మ మంచం మీద కూర్చుని గంజి తాగుతోంది. అంగిట్లో ముక్క తీసిన చోట నాలుక తగిలి, ఒక్కో గుటకకీ కళ్లు గట్టిగా మూసుకుంటోంది. వకుళను చూడగానే ముసలామె ముఖం విప్పారింది.

"వచ్చీసినావా తల్లీ! నా ముక్క పనికొచ్చిందా నేదా?"

"లేదమ్మా. నేనే పాడుచేశాను. తప్పు నాదే."



"పోనీలే. సదువుకున్నోలికి మాత్రం సెయ్యి జారదేటి? నా మనవరాలు సుట్ట ఎలిగించకముందే మీరేదో కనిపెట్టాల. ఇంకోటి తీసుకో."

గిన్నె పక్కన పెట్టి నోరు తెరిచింది.

వకుళకు దుఃఖం ఆగలేదు. "వద్దమ్మా. నువ్విచ్చింది చాలు" అంటూ గంజి గిన్నె తీసి మళ్లీ ఆమె చేతిలో పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చుంది.

తిరిగొచ్చేసరికి జకరయ్యగారు ఫార్మలిన్ సీసాను కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తున్నారు.

"ఇంకోటి ఇస్తానంది సార్."

"తెచ్చావా?"

"లేదు సార్."

"అయితే, ఇచ్చినదాన్నే మైక్రోస్కోపు కింద పెట్టి చదువు."

ఆయన సీసా ఉన్న చేయి చాచారు. వకుళ రెండు చేతులూ పట్టి అందుకుంది.