ఐదు నిమిషాల మర్యాద

నమ్మలేనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కథ సగానికి వచ్చాక పక్కవాడి చెవిలో "ఇది మరీ ఎక్కువైంది" అని గొణగడం మాత్రం పెద్దమనుషులకు తగదు. ఎవరూ లేవలేదా? అయితే ఇక చివరిదాకా నోరు మెదపరాదు.

ఎడారి అంచున, సముద్రం పక్కన, మేడ మీద మేడ పేర్చుకుంటూ పోయిన ఒక నగరం ఉంది. జులై నెల వచ్చిందంటే అక్కడి కాకులు ఎగరవు, నడిచి వెళతాయి. ఎగిరితే సూర్యుడికి మరో రెండు బారలు దగ్గరవుతామని వాటి భయం. కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళకు టీపొడి ఒక్కటే తక్కువ. కూలీల గదుల్లో గీజరు స్విచ్చి ఆపేసి, లోపల నీడన ఉన్న ఆ డబ్బాలో చల్లారిన నీళ్ళనే చన్నీళ్ళని పోసుకునేవారు. మిగతావన్నీ ఎవరికి తోచినంత తగ్గించుకుని వినండి కాని, గీజరు సంగతిలో మాత్రం వీసమెత్తు తగ్గించడానికి వీల్లేదు.

ఆ నగరంలో రాడ్లు కట్టే పనికి భూమన్న మేస్త్రిని మించినవాడు పుట్టలేదు, ఇక పుట్టడు. ఇనుప రాడ్లను అడ్డంగా నిలువుగా పరిచి, అవి కలిసిన ప్రతిచోటా సన్నటి తీగ మెలిపెట్టి ముడి బిగించడం ఆ పని. భూమన్న కడుతుంటే చేయి కనపడేది కాదు, ముడే కనపడేది. ఒక ఏడాది కళ్ళకు గంతలు కట్టుకుని, కూనిరాగం తీస్తూ, ఒక వంతెనకు వంతెనే కట్టి అవతలి ఒడ్డున దిగాడని చెబుతారు. ఆయన కింద నలభై మంది పనిచేసేవారు. అందరూ ఆయనను ఉస్తాద్ అనేవారు.

ఆ నలభై మందిలో ఓదెలు కొత్తవాడు. సిరిసిల్లలో పదిహేనేళ్ళు సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపి, ఆ రేకుల షెడ్డు కంటే ఎండ ఏపాటిదని ధైర్యం చెప్పుకుని వచ్చాడు. మొదటి రోజు పదకొండింటికే ఆ ధైర్యం ఆవిరైంది. చేతికి గ్లవుజు లేకుండా రాడ్డు ముట్టుకుంటే వేలిముద్ర ఇనుము మీదే ఉండిపోయింది. అప్పటినుంచి అతనికి ఒకటే బెంగ. తన ఒంట్లో ఎండ ఎంత చేరింది, ఇంకెంత పడుతుంది? గదిలో తన మంచానికి ఎదురుగా ఉన్న మంచం ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఎవరిదని అడిగితే, "సాయన్నది" అన్నారు గాని, ఆ సాయన్న ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు.

భూమన్నకు ఒక అలవాటు ఉంది. గంటకు రెండుసార్లు పని ఆపి, వరుస వెంట నడుస్తూ, ఒక్కొక్కరి ముందు నిలబడి ఒకే ప్రశ్న అడిగేవాడు. "మీ ఊర్ల బస్సు దిగంగనే ఏం కనవడ్తది?" ఒకడు హోటలు అనేవాడు, ఒకడు పాల కేంద్రం, ఒకడు తనకు పిల్లనివ్వనన్న మామ ఇల్లు. ఓదెలు ప్రతిసారీ "కరెంటు ఆఫీసు" అని చెప్పేవాడు. ఆయన తలూపి ముందుకు సాగేవాడు. పదిరోజుల్లో ఓదెలు ఆ జవాబు నూటయాభై సార్లయినా చెప్పి ఉంటాడు. ఆ కరెంటు ఆఫీసు వాళ్ళకే తమ ఆఫీసు అన్నిసార్లు గుర్తుకువచ్చి ఉండదు.

ఒక సాయంత్రం అతను ఉండబట్టలేక అడిగేశాడు. "ఉస్తాద్, ఈ ఎండను తట్టుకునే విద్య ఏదన్న ఉంటె చెప్పుండ్రి. రోజు అడిగిందే అడిగితె ఏమొస్తది? చిన్న పోరగాండ్లను అడిగినట్టు, నలుగుర్ల నగుబాటు."

భూమన్న తన గ్లవుజుల్లోని ఇసుక దులుపుకున్నాడు. ఆపైన, "రేపటిసంది నువ్వే అడుగు. అందర్ని. నన్ను గూడ," అన్నాడు.

మర్నాడు ఓదెలు వరుస వెంట నడిచాడు. నగుబాటు రెట్టింపైంది. "ఏందిరో, మేస్త్రివైతివా?" అని ఒకడు, "నీకు చెప్పాల్నంటె టీ తాపియ్యాలె" అని మరొకడు. ఓదెలు తలవంచుకుని అడుగుతూ పోయాడు. చివర ఉస్తాద్ ముందు నిలబడి, చెంపలు వేసుకున్నంత పని చేసి అడిగాడు. భూమన్న మాత్రం పరీక్షలో కూర్చున్న పిల్లవాడిలా బుద్ధిగా, "పంచరు దుకాణం. ముంగట నీళ్ళ తొట్టి," అన్నాడు. ఆ రోజూ అదే, మర్నాడూ అదే.

మూడోరోజు తెల్లవారింది మొదలు గాలి ఆడలేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు పని ఆపాలని అక్కడ నియమం ఉంది. ఆ నియమం కూలీలకు తెలుసు, కంపెనీకి తెలుసు, సూర్యుడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. పదకొండింటికే తొమ్మిదో అంతస్తు మీద నీడలు కూడా గోడ చాటుకు పోయి నిలబడ్డాయి. ఓదెలు వరుస మధ్యలో ఉన్న ఉస్తాద్ దగ్గరికి వచ్చి అడిగాడు.

"ఇంక బస్సే దిగలే గదరా," అన్నాడు భూమన్న.

వరుసంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. ఉస్తాద్ చలోక్తులకు పెట్టింది పేరు. ఓదెలు కూడా నవ్వాడు. నవ్వుతూనే పక్కవాణ్ణి, ఆ పక్కవాణ్ణి అడుగుతూ ముందుకు పోయాడు. కాని లోపల ఏదో ముల్లు కదిలింది. ఉస్తాద్ నవ్వించేటప్పుడు తనూ నవ్వుతాడు. ఇప్పుడు నవ్వలేదు. అయినా అంతటివాడిని వెనక్కి వెళ్ళి మళ్ళీ అడగడమా? ఏమనుకుంటాడు? నలుగురూ ఏమనుకుంటారు?

వరుస చివర నారాయణ అనే పాత కూలీ ఉన్నాడు. తన ఊరి సంగతి చెప్పి, తీగ మెలిపెడుతూనే, తలెత్తకుండా అన్నాడు. "నిరుడు సాయన్న గూడ గిట్లనే నవ్విచ్చిండు. ఆఖరి రోజు."

ఓదెలు వెనుదిరిగి పరుగెత్తాడు.

భూమన్న కూర్చున్నచోటే కూర్చుని ముడులు వేస్తున్నాడు. చేతులు ఎప్పటిలాగే మెరుపులా ఆడుతున్నాయి. కాని ఆ చేతుల కింద రాడ్లు లేవు. తీగను గాలి చుట్టూ మెలిపెట్టి, బిగించి, తెంపి, పక్కకు జరిగి, మళ్ళీ గాలికే కడుతున్నాడు. చెమట చుక్క లేక చొక్కా ఇస్త్రీ చేసినట్టు పొడిగా ఉంది. ఓదెలు భుజం మీద చేయి వేసి చూసి, చురుక్కుమంటే వెనక్కి తీసుకున్నాడు. గ్లవుజు ఉన్న చేయే అది.

"ఉస్తాద్, బస్సు దిగంగనే ఏం కనవడ్తది?"

"పో. నీ పని చూస్కో," అన్నాడు భూమన్న. ఆ గొంతు ఎప్పటి గొంతే, ఎదురుచెప్పడానికి వీల్లేని గొంతు. ఆ గొంతు పొమ్మంటే ఓదెలు ఏనాడూ పోకుండా ఉండలేదు. ఒకవేళ ఇదంతా తనకు పెట్టిన పరీక్షేమో? పరీక్ష అయితే తప్పు జవాబు ఏది, పోవడమా, ఉండడమా? ఓదెలు వంగి, ఉస్తాద్ నడుము పట్టి పైకి లేపాడు.

నలుగురు అడ్డం వచ్చారు. ఉస్తాద్ మీద చెయ్యేస్తావా అని ఒకడు కాలరు పట్టుకున్నాడు. ఓదెలు కాలరు అతని చేతిలోనే వదిలేసి ముందుకు నడిచాడు. సామాన్ల లిఫ్టు ఎక్కడో పైన ఆగి ఉంది. భూమన్న బరువు తొంభై కిలోలు, ఓదెలు బరువు అందులో సగం. అయినా భుజాన వేసుకుని తొమ్మిది అంతస్తులు దిగాడు. మధ్యలో మెట్ల మీద కాలు మోపాడో లేదో చూసినవాళ్ళెవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

కింద, కూలీల వంటశాల ముందు, రోజూ వచ్చే చేపల బండి అప్పుడే ఆగింది. నడిపేవాడు మలయాళీ. అతనికి తెలుగు రాదు, ఓదెలుకు మలయాళం రాదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, అంతే. బండివాడు తలుపు తీసి, రెండు చేతులతో చేపలను రోడ్డు మీదకు తోసేశాడు. మిగిలిన మంచుగడ్డల్లో భూమన్నను మెడదాకా పూడ్చారు. మంచు సుయ్యిమంది. ఆ పొగకు వీధి చివర అగ్నిమాపక బండి బయలుదేరిందని అంటారు. ఓదెలు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, ఆసుపత్రి బండి వచ్చేదాకా అదే ప్రశ్న అడుగుతూ ఉన్నాడు. జవాబు రాలేదు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ రాలేదు. ఆ పావుగంటలో అతను ముసలివాడయ్యాడు, చెవుల పక్కన వెంట్రుకలు చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. ఆసుపత్రి బండిలోకి ఎక్కిస్తుండగా, పెదవులు కదిలీ కదలనట్టు, "పంచరు..." అన్న మాట వినపడింది. ఓదెలు అక్కడే, చేపల మధ్య, నేల మీద కూలబడ్డాడు.

నాలుగోనాడు భూమన్న ఆసుపత్రి నుంచి గదికి వచ్చాడు. సన్నబడ్డాడు, కాని తన కాళ్ళ మీదే వచ్చాడు. తన మంచం మీద కూర్చుని, ఖాళీగా ఉన్న సాయన్న మంచం వైపు చూశాడు. ఆ తర్వాత ఓదెలును పిలిచాడు.

"నువ్వడిగింది యాదికున్నది. అందరు నవ్వింది యాదికున్నది. మల్ల చేపల వాసన యాదికున్నది. నడుమ ఏమైందిరా?"

ఓదెలు తలెత్తలేదు. "నడుమ మీకు మర్యాద ఇచ్చిన ఉస్తాద్."

"ఎంతసేపు?"

"ఐదు నిమిషాలు."

"ఐదే గద. అయితె బతికిన," అన్నాడు భూమన్న, అటు తిరిగి పడుకుంటూ.

ఇప్పుడు చెప్పండి, ఎవరికి అనుమానం? ఆ చేపల బండి ఇవాళ కూడా ఆ నగరంలో తిరుగుతూనే ఉంది. నడిపేవాడికి తెలుగులో ఒకే ఒక్క మాట వచ్చు. ఎండలో ఎవడు కనపడ్డా బండి ఆపి, ఏ దేశం వాడని చూడకుండా, బస్సు దిగంగనే ఏం కనవడ్తదని అడుగుతాడు. పోయి అడిగి చూసుకోండి. అతని పేరు కుంజుమోన్.