వంకర అడుగు

మడుగు ఎండితే ఆ అడవిలో ఒకటే గతి. తెల్లవారగానే బయలుదేరి, చెట్టన్నది లేని బీడు దాటి, పొద్దుగుంకేలోపు ఏరు చేరాలి. వెనకబడ్డవాళ్ళ కోసం మంద ఆగదు. అందుకే మాఘం వెళ్ళగానే జంతువులన్నీ రోజూ బీడు అంచుదాకా పరుగెత్తి కాళ్ళు గట్టిపరచుకునేవి.

నిరుడు చుక్కి అనే పడుచు దుప్పి వాళ్ళ అక్క, బీడు మొదట్లోనే పడిపోయి మరి లేవలేదు. ఈసారి తన పరుగులో ఒక్క తప్పు కూడా ఉండకూడదనుకుంది చుక్కి. అలా అనుకునేవాళ్ళకి గురువులు ఊరికే దొరుకుతారు. నక్క దొరికింది.

నక్క దేన్నీ కాదనదు. అన్నిటికీ రెండు దారులు చూపిస్తుంది. ఇసుకలో పరుగెత్తాలా, రాతి మీదా? గరిక మేసి వెళ్ళాలా, ఖాళీ కడుపుతోనా? ఎడమ కాలు వంకరగా పడుతోందే, అలా పరుగెత్తే కంటే ఈ పూటకి మానడం మేలు కదా? ఇవన్నీ తేల్చుకునేసరికి ఎండ నడినెత్తికొచ్చేది. అడుగు కదపకుండానే చుక్కి ఒళ్ళు పులిసిపోయేది. సగం పరుగు పాపం అనేది నక్క. ఎంత అందమైన మాట. అందమైన మాటలెప్పుడూ పరుగెత్తక్కర్లేని వాళ్ళే తయారుచేస్తారు.

ఒకనాడు గాడిద పెద్దమ్మ రొప్పుతూ వచ్చి పక్కన కూలబడింది. ఇవాళ సగందాకే పోయానని, ఒంట్లో బాగాలేదని, సిగ్గేమీ లేకుండా చెప్పింది. చుక్కి తన అనుమానాలన్నీ ఏకరువు పెట్టింది.

"పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నావు కదే," అంది గాడిద. "మీ నక్క మామ ఎప్పుడైనా ఏరు దాకా వచ్చాడా?"

"లేదు. ఆయన బీడులోనే..."

చుక్కికి నిరుటి బీడు గుర్తొచ్చింది. అక్క పడ్డచోట అందరికంటే ముందు వాలింది నక్కే.

"మరి సరైన పరుగు నాకెవరు నేర్పుతారు పెద్దమ్మా?"

"నాకూ రాదే. రోజూ పోతానంతే. నా తోక చూసుకుంటూ రా. ఏమీ తేల్చుకోకు."

మర్నాటి నుంచి నక్క నిద్రలేవకముందే చుక్కి ఆ తోక వెనక పరుగెత్తింది. కుంటింది, నడిచింది, కొన్నాళ్ళు సగంలోనే తిరిగొచ్చింది. పొద్దెక్కాక నక్క దగ్గర కూర్చుని, ఇసుకా రాయా ఇంకా తేలలేదు మామా అని నిట్టూర్చేది. ఆ నిట్టూర్పుకి నక్క నోరూరేది.

మడుగు ఎండింది. మంద కదిలింది. నక్క మిగతా అందర్నీ వదిలేసి చుక్కి వెనకే పడింది. ఇదెంత, ఇప్పుడో ఇంకాసేపటికో కూలుతుందనుకుంది. చుక్కి కూలలేదు. పరుగెత్తింది, నడిచింది, మళ్ళీ పరుగెత్తింది. నడిబీడులో నక్క నాలుక బయటికి వేలాడింది.

"చుక్కీ, ఆగవే. కాలు వంకరగా పడుతోంది."

చుక్కి వెనక్కి చూడలేదు. "పడనీ మామా. పడుతోంది కదా."

పొద్దుగుంకేవేళకి ఏట్లో మూతి పెట్టింది చుక్కి. సంతోషించే ఓపిక కూడా మిగల్లేదు. పక్కన గాడిద అప్పటికే నిలబడి నిద్రపోతోంది. అక్కడ నడిబీడులో నక్క, ముందుకా వెనక్కా అని ఇంకా తేల్చుకుంటూనే ఉంది.

వంకర అడుగులే ఏరు చేరుస్తాయి. తీరైన అడుగు కోసం ఆగమన్నవాడి కడుపు చూడు.