బాబా పిండిన స్పాంజి

నంద్యాలలో కళ్లజోళ్ల దుకాణం నడిపే దస్తగిరి చేతిలో చేపలు బతకడం లేదు.

అవి బజార్లో కొన్న చేపలైతే ఇంత బాధ ఉండేది కాదు. సూఫీ గురువు ఖాసింపీరా బాబా తన తొట్టిలోంచి తన చేత్తో పట్టి ఇచ్చిన నల్ల మోలీ చేపలు. ఒక్కొక్కటే పోయి చివరికి నిండు పొట్టతో ఒక ఆడచేప మిగిలింది. అది కూడా నీళ్ల మీదికి తేలి నోరు తెరుచుకుని గాలికి కొట్టుకుంటోంది.

బాబా వాటిని ఊరికే ఇవ్వలేదు. ఆయన దగ్గర శిష్యుడు కావాలంటే ఆయన చేతిలో చెయ్యి వేసి మాట ఇవ్వాలి. బాబా ఎప్పుడో సరేనన్నాడు. దస్తగిరే వాయిదా వేస్తూ వచ్చాడు.

"మనసులో ఇంకా మురికుండాది బాబా. కోపముండాది, పక్క దుకాణమోని మీద కుళ్లుండాది. అంతా కడుక్కొని వస్తా" అనేవాడు.

అన్నట్టే కడుక్కునేవాడు కూడా. నమాజులో ఒక పిచ్చి ఆలోచన వస్తే చాలు, లేచి వెళ్లి మళ్లీ మొదటినుంచీ కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చేవాడు. "మా ఆయన్ని చూస్తే మసీదు కొళాయికి కూడా దడే" అని భార్య మాబున్ని నవ్వేది.

ఒకసారి మళ్లీ అదే మాట అన్నప్పుడు బాబా ఈ చేపల్ని సంచిలో పోసి చేతికిచ్చాడు. "సరే, అంతవరకు వీటిని సాకు."

ఇక చూడాలి మనవాడి సేవ! కళ్లద్దాలు తుడిచే చెయ్యి కదా, తొట్టి మీద వేలిముద్ర కూడా ఉండనివ్వలేదు. రోజూ నీళ్లన్నీ పారబోసి కొత్తవి నింపాడు. గులకరాళ్లను ఉడకబెట్టాడు. ఫిల్టరులోని స్పాంజిని కొళాయి కింద పెట్టి తెల్లబడేదాకా పిండి పిండి ఉతికాడు. తొట్టిలో నీళ్లున్నాయో లేవో తెలియనంత తేటగా ఉంది. చేపలే ఉండటం లేదు.

నా పాపమే వాటికి తగిలింది అనుకున్నాడు దస్తగిరి. మిగిలిన ఒక్కటీ పోతే ఇక బాబా గడప తొక్కకూడదని తీర్మానించుకున్నాడు. అన్నం కూడా సరిగ్గా తినడం మానేశాడు. చూడలేక మాబున్నే వెళ్లి బాబాను పిలుచుకొచ్చింది.

బాబా ఒక స్టీలు గిన్నె పట్టుకుని వచ్చాడు. తొట్టి ముందు చతికిలబడి చాలాసేపు చూశాడు.

"బాగా కడిగినావు."

"రోజూ కడుగుతాండా బాబా."

"అదే చూస్తాండా."

గిన్నె మూత తీశాడు. అందులో ఆయన సొంత తొట్టి ఫిల్టరులోని స్పాంజి ఉంది. జిగురు పట్టి, గోధుమరంగుకు తిరిగి ఉంది. దాన్ని దస్తగిరి తొట్టి మీద పట్టుకుని గట్టిగా పిండాడు. నల్లటి మడ్డి ఆ తేట నీళ్లలో పొగలా కమ్ముకుంది.

దస్తగిరి చెయ్యి అడ్డం పెట్టబోయాడు. "బాబా! ఇంక అది చచ్చిపోతాది!"

బాబా పట్టించుకోలేదు. అదే స్పాంజిని దస్తగిరి ఫిల్టరుకు తొడిగి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"చేప ఉచ్చ పోసేదీ, దొడ్డికి పోయేదీ ఆ నీళ్లలోనే కదా. ఆ విషాన్ని తినే పురుగులు ఈ మడ్డిలోనే కాపురముంటాయి, కంటికి కనపడవు. నువ్వు రోజూ వాటిని గెంటేస్తాండావు. ఇంక నేను చెప్పేదాంక ఇందులో చెయ్యి పెట్టొద్దు."

ఆ తర్వాత దస్తగిరికి తలప్రాణం తోకకొచ్చింది. మడ్డిని చూస్తే చాలు చేతులు దురద పెట్టేవి. మాబున్ని బకెట్టు తీసుకెళ్లి పుట్టింట్లో పెట్టి వచ్చింది. అయితే నీళ్లు వాటంతట అవే తేరుకున్నాయి. చేప గాలికి కొట్టుకోవడం మానేసి కిందికి దిగింది. వేసిన మేత తిన్నది. అది చూసి దస్తగిరికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఒకరోజు పొద్దున స్పాంజి మీద నల్లటి నలుసులేవో కనిపించాయి. అలవాటు ఎక్కడికి పోతుంది? బాబా మాట మరిచిపోయి, తుడిచేద్దామని చెయ్యి పెట్టేశాడు. నలుసులు చెల్లాచెదురయ్యాయి, మళ్లీ వచ్చి స్పాంజిని పట్టుకున్నాయి. వాటికి కళ్లున్నాయి. చేపపిల్లలు! ఆ జిగురునే కొరుక్కుని తింటున్నాయి.

దస్తగిరి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. దారిపొడవునా నవ్వు ఆగలేదు. ఎన్నేళ్లుగానో మోస్తున్న బరువేదో జారిపోయినంత తేలిగ్గా ఉంది ఒళ్లు.

బాబా అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నాడు.

"బాబా, పిల్లలు పెట్టింది!"

"మంచిది. నీ కోపం పోయిందా?"

"పోలేదు బాబా. ఈ పొద్దు కూడా మాబున్ని మీద అరిచినా."

"కుళ్లు?"

"అదీ ఉండాది."

బాబా చేట పక్కన పెట్టి కుడిచెయ్యి చాచాడు. దస్తగిరి గబుక్కున తన చెయ్యి చాచి, దానికంటిన గోధుమరంగు జిగురు చూసి వెనక్కి లాక్కున్నాడు.

"ఒక్క నిమిషం బాబా, కడుక్కొని వస్తా."

బాబా ఆ చేతిని అట్లాగే అందుకుని తన రెండు చేతుల మధ్య గట్టిగా పట్టుకున్నాడు.

"అన్నీ కడుక్కొని వచ్చేటోనికి నాతో ఏం పనిరా?"