రానివాళ్ళ వాటా

పంట కాలువ గట్టు మీద ఒక చర్చి, చర్చి వెనక పాస్టరుగారి దొడ్డి. మనుషులకు ఆరాధన లోపల, పశువులకు దొడ్లో. ఏళ్ళ తరబడి కిటికీలోంచి ప్రసంగాలు విని విని ఆ దొడ్లోవాటికి కూడా భక్తి అబ్బింది. అబ్బదు మరీ! లోపల మనుషులు కునికిన ప్రసంగాలు కూడా ఇవి చెవులు నిక్కబొడుచుకుని విన్నాయి.

ఆ కూడికకు పెద్ద యోబు. ముసలి ఎద్దు. కాడి మోసి మోసి మెడ కాయలు కాసింది గానీ ఒక్కనాడు మూతి ముడిచినవాడు కాదు. మార్తమ్మ మేక. తను ఊరికే కూర్చోదు, ఇంకొకళ్ళని కూర్చోనివ్వదు. తోమా కుక్క. పాస్టరుగారినైనా సరే వాసన చూశాకే నమ్మే రకం. సీలయ్య పుంజు. పాట ఎత్తేది ఆయనే. ఇక దీనమ్మ బాతు. ఈ కథ ఆమెది.

దీనమ్మకు దేవుడు వెన్నలాంటి మనసిచ్చాడు. గొంతు మాత్రం పంచగా పంచగా అడుగున మిగిలింది ఇచ్చాడు. ఆమె పాట అందుకుంటే చర్చి కప్పు మీది పావురాలు లేచి అవతలి ఊరికి పోయేవి. కిందటేడు వరదకు తన గుంపంతా కొట్టుకుపోతే తానొక్కతే ఈ దొడ్డి కంచెకు తగులుకుంది. యోబు కొమ్ముతో కంచె ఎత్తి లోపలికి రానిచ్చాడు. అప్పటినుంచి రోజుకోసారైనా అనుకునేది, "ఇంత చోటిచ్చారు, ఈళ్ళకి బరువు కాకుండా ఉంటే అదే చాలు."

ఆ ఊరి ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు, ఆదివారం చర్చికి తెస్తారు. అది చూసి దొడ్లోవాళ్ళూ నేర్చుకున్నారు. యోబు తన తవుడులో కొంచెం, కోళ్ళు తమ నూకల్లో కొంచెం రోజూ పాత సత్తు గిన్నెలో వేసేవాళ్ళు. ఆదివారం పాట, ప్రార్థన అయ్యాక అందరూ కలిసి తినేవాళ్ళు. అందులో యోబు పెట్టిన కట్టడి ఒకటుంది. ఎవరైనా రాకపోతే వాళ్ళ వాటా ముందు తియ్యాలి. అందరూ కలిసి తీసుకెళ్ళి వాళ్ళకిచ్చి వచ్చాకే మిగతావాళ్ళు మూతి పెట్టాలి.

"ఒక్కళ్ళు తీసుకెళ్తే చాలదా తాతా?" అని సీలయ్య ఆకలి మీద ఒకసారి అడిగాడు.

"ఒక్కళ్ళెల్తే తిండి చేరుద్ది. అందరం ఎల్తే మనవాళ్ళొచ్చారని ఉంటది" అన్నాడు యోబు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం దొడ్డి గేటు దగ్గర ఒక నక్క వచ్చి తల వేలాడేసుకుని నిలబడింది.

"వందనాలు సహోదరులారా! నేను మారుమనసు పొందాను. ఆ పాత నక్క చచ్చిపోయింది. ఇప్పుడు నా పేరు జీవరత్నం."

తోమా గుర్రుమన్నాడు. "నక్క వినయాలు మాకు తెలీనియ్యా? రత్నమంట, రత్నం!"

"మారానన్నవాణ్ణి బయట నిలబెడితే మనం ఇన్నాళ్ళు విన్నదేంట్రా?" అన్నాడు యోబు. "రానియ్. నిజమో కాదో నడకలో తెలుస్తది. నువ్వు కూడా పక్కనే కూర్చో."

జీవరత్నం కూర్చున్నాడు. ఏం భక్తి, ఏం భక్తి! ఆమెన్ అంటే దొడ్డి దద్దరిల్లేది. పాటలన్నీ వారం తిరక్కుండా కంఠస్థం చేశాడు. ఆమెన్ అయ్యాక మార్తమ్మ గిన్నె తెస్తుంటే మాత్రం కళ్ళు ఆకాశానికెత్తి, "నాకు ఆదివారం ఉపవాసం సహోదరీ" అని వెళ్ళిపోయేవాడు. కోళ్ళు కళ్ళు ఒత్తుకునేవి. అసలు సంగతేమిటంటే, తవుడు ఆయన గొంతు దిగదు. ఇంకాసేపు కూర్చుంటే దీనమ్మను చూసి నోట్లో ఊరే నీళ్ళు తోమా కంట పడతాయి. అందుకని ఆ పెద్దమనిషి ప్రతి వారం ఆమెన్‌తోనే లేచిపోయేవాడు. ఆ తర్వాత అక్కడ ఏం జరుగుతుందో ఆయనకు తెలియదు.

దీనమ్మ రాత్రుళ్ళు పాకలో అందరి మధ్యన పడుకుంటుంది, పగలు నీళ్ళలో ఉంటుంది. ఎలా చిక్కుతుంది? జీవరత్నం ఆలోచించాడు. శనివారం సాయంత్రం కాలువ గట్టున కూర్చుని పిలిచాడు.

"వందనాలు సహోదరీ. ఒక మాట. చెప్పకూడదు గానీ, చెప్పకపోతే ప్రేమ అనిపించుకోదు."

"ఏంటన్నా?"

"నీ గొంతు సంగతి. మనోళ్ళు తెగ ఇదైపోతన్నారు. సీలయ్యేమో రాగం చెడిపోతందంటాడు. మార్తమ్మేమో చెవులాడిస్తా ఉంటది, చూళ్ళేదా? మొహం మీద అనలేక లోపల్లోపలే నలిగిపోతన్నారమ్మా."

దీనమ్మ ఈదడం ఆపేసింది. "నిజమేనా?"

"అబద్ధమాడితే నా ఉపవాసాలన్నీ ఏట్లో కలిసిపోవూ?"

మార్తమ్మ చెవులాడించడం దీనమ్మ చూసింది. నిప్పు లేందే పొగ రాదు కదా అనుకుంది. "మరి నన్నేం చెయ్యమంటావన్నా?"

"రేపొక్క ఆదివారం రాకు. గట్టు మీద పాత దోనె బోర్లించి ఉంది చూడు, దాని దగ్గరుండు. వాళ్ళ పాట హాయిగా సాగుద్ది. ఆమెన్ అనగానే నేనే వస్తా. నీ కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేస్తా."

పిచ్చి బాతు! వాడికి కృతజ్ఞతలు కూడా చెప్పుకుంది.

మర్నాడు అందరూ లేవకముందే పాక దాటి వచ్చి దోనె కిందికి దూరింది. కాసేపటికి దొడ్లోంచి పాట వినపడింది. అందులో తను లేదు. "ఎంత బాగా పాడుతున్నారో" అనుకుంది, అనుకుంటూనే ఏడ్చింది. రానివాళ్ళ వాటా సంగతి గుర్తొచ్చింది. మార్తమ్మ ఈనినప్పుడు తనూ ఆ గిన్నె వెంట నడిచింది. 'అది సొంతవాళ్ళకి. వరదకి కొట్టుకొచ్చినదానికి ఎవరు తెస్తారు?' అనుకుంది. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న మాట అదే.

ఏడుపు ఆగాక, ఇంకేమీ తోచక, ప్రార్థన మొదలుపెట్టింది.

ఆమెన్ అనడం ఆలస్యం, జీవరత్నం వచ్చేశాడు. దోనె కింద సందు బాతుకు సరిపోయింది గానీ నక్కకు మూతి కూడా దూరదు.

"సహోదరీ, బయటికి రా. ఎండపొడన కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుందాం."

"వస్తానన్నా. నా ప్రార్థన సగంలో ఉంది. పేర్లు చెప్పుకుంటన్నా."

"కానీ, కానీ."

"ప్రభువా, యోబు తాత మెడ మీద పుండు మానాలి. మార్తమ్మక్క పిల్లలకి పాలు చాలాలి. తోమా చెవిలో పిడుదులు రాలిపోవాలి. సీలయ్య గొంతు ఎప్పుడూ బాగుండాలి, నా గొంతులాగా అవకూడదు..."

"అయిందా?"

"ఇంకా పాస్టరుగారింట్లోవాళ్ళు ఉన్నారన్నా."

వాళ్ళయ్యారు. తర్వాత పొదుగుతున్న పెట్ట వచ్చింది. పెట్ట కింద గుడ్లు వచ్చాయి. ఏ గుడ్డునీ ఆమె వదల్లేదు. తనను వద్దనుకున్నారని నమ్మి కూడా ఒక్క పేరు దాటెయ్యలేదు చూడండి, నాకైతే అక్కడే కళ్ళు చెమ్మగిల్లుతాయి. బయట జీవరత్నం కడుపు కప్పలా అరిచింది. అది విని దీనమ్మకు జాలేసింది.

"పాపం, ఉపవాసం కదా! ప్రభువా, మా జీవరత్నమన్నకి ఇవాళ కడుపు నిండా తిండి దొరకాలి."

"ఆమెన్!" అన్నాడు జీవరత్నం. ఆయన జన్మలో మనస్ఫూర్తిగా అన్న ఆమెన్ అదొక్కటే.

దీనమ్మ బయటికొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని, మెడ వంచి నిలబడింది. జీవరత్నం నోరు తెరిచాడు.

వెనక ఠంగుమని చప్పుడైంది.

సత్తు గిన్నె నేల మీద పెట్టిన చప్పుడు. తోమా దాన్ని నోట కరుచుకుని, దీనమ్మ వాసన పట్టుకుని వస్తున్నాడు కాబట్టి మొరగలేదు, మొరగలేదు కాబట్టి నక్కకు తెలియలేదు. తెలిసేసరికి తోక మీద తోమా కాళ్ళు రెండూ ఉన్నాయి. నక్క తోక తొక్కినవాడికి అదృష్టం అంటారు. ఆ రోజు తొక్కింది తోమా, అదృష్టం దీనమ్మది.

"ప్రార్థన చేస్తన్నాం!" అని కీచుమన్నాడు జీవరత్నం.

"అంత నోరు తెరిచా?" అన్నాడు తోమా.

దీనమ్మ కళ్ళు తెరిచింది. తన మెడకు బెత్తెడు దూరంలో ఉన్న పళ్ళు చూసింది. వాటి వెనక యోబు, మార్తమ్మ, సీలయ్య, కోళ్ళు, కోళ్ళ వెనక పిల్లలు, అందరూ గట్టు మీద నిలబడి ఉన్నారు.

జీవరత్నానికి ఏడుపొక్కటే తక్కువ. "మీరు తినే వేళ కదా ఇది! ఇక్కడికెందుకొచ్చారు?"

"రానివాళ్ళ వాటా ఇయ్యకుండా మేమెట్టా తింటాం?" అంది మార్తమ్మ. "ఆమెన్ తర్వాత ఒక్కనాడు కూర్చునుంటే నీకూ తెలిసేది."

"నమిలేస్తా తాతా!" అన్నాడు తోమా.

"వద్దులే" అన్నాడు యోబు, నింపాదిగా. "జీవరత్నం, దారిలో కనపడతావేమోనని నీకూ తెచ్చాం. నువ్వు ఉపవాసమని లేచిపోయినప్పుడల్లా నీ వాటా తీసి దాస్తానే ఉన్నాం. ఎక్కడుంటావో ఎవరికీ చెప్పకపోతివి. ఇయ్యాల దొరికావు. కూర్చుని తిను."

ఇన్ని వారాల తవుడు. ఆకలి రుచి ఎరగదంటారు గానీ, ఆ పూట జీవరత్నానికి ఆకలీ ఉంది, రుచీ బాగా తెలిసింది. తోమా పళ్ళు చూసుకుంటూ, దగ్గుకుంటూ, కళ్ళనీళ్ళతో తడుపుకుంటూ గిన్నెలో తన వాటా అంతా మింగాడు. దీనమ్మ ప్రార్థన దేవుడు అక్షరాలా విన్నాడు.

"నిజంగా మారాలనిపించిన రోజు రా. గేటు తీసే ఉంటది" అన్నాడు యోబు.

"నేనూ అక్కడే ఉంటా" అన్నాడు తోమా, తోక మీంచి కాళ్ళు తీస్తూ.

నక్క కాలువలో దూకి అవతలి గట్టెక్కి తేలు కుట్టిన దొంగలా పోయింది. జీవరత్నం అనే పేరు మళ్ళీ ఆ చుట్టుపక్కల వినపడలేదు.

అప్పుడు దీనమ్మ అడిగింది. అడగలేక అడగలేక అడిగింది. "అక్కా, నా గొంతు బాగోదని మీరనుకున్నారా?"

"అనుకున్నాం" అంది మార్తమ్మ, తడుముకోకుండా. "ఎవరికి బాగుంటది నీ గొంతు? అయితే మాత్రం రావద్దని ఎవరన్నారే నిన్ను? గొంతు కోసం పిలిచామా?"

సీలయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇయ్యాల పాట ఎత్తలేక చచ్చానమ్మా. వారం వారం నువ్వు పాడేదానికి ఎడంగా పాడితే రాగం సరిగ్గా పడేది. నువ్వు లేక ఎటు పోవాలో తెలీలేదు."

యోబు గిన్నెను మూతితో ఆమె ముందుకు నెట్టాడు. "తినమ్మా. నువ్వు తింటే గానీ మేం తినలేం. ఆకలేస్తంది."

దీనమ్మ గిన్నెలోకి చూసింది. నూకలు, తవుడు, పైన మార్తమ్మ పెట్టిన అవిశాకు. ఇది సొంతవాళ్ళకి తెచ్చే గిన్నె. తన కోసం వచ్చింది. ఒక్క ముక్కెడు తింది. "దేవా, నీకు వందనాలు. నాకు నావాళ్ళనిచ్చావు" అంది. అనేసి, ఆపుకోలేక, ఉన్న గొంతంతా విప్పి పాట అందుకుంది.

చర్చి కప్పు మీది పావురాలు లేచిపోయాయి. మార్తమ్మ చెవులాడించింది. ఎవరూ ఆపమనలేదు, అందరూ కలిసి పాడారు.

ఆమెన్ అనడం నక్కకూ వచ్చు. ఆమెన్ తర్వాత రానివాళ్ళ గిన్నె మోసుకుని నడిచేవాళ్ళే శిష్యులు.