పిలిస్తేనే వచ్చేవాళ్లు

అనగనగా ఒక అడవిలో, వాగు మలుపు తిరిగే చోట, ఒక ముళ్ళపంది ఉండేది. పేరు కంపయ్య. అతనికి పెళ్లాం లేదు, పిల్లలు లేరు. ఉన్నదల్లా బొరియ వెనకాల పల్లంలో ఒక చిలగడదుంపల చేను. వానాకాలమంతా ఆ దుంపలతోనే అతని కడుపు నిండాలి.

కంపయ్యది ఒకటే లెక్క. పని ఉన్న రోజు కూలి, లేని రోజు ఎవరి దారి వారిది. నేల తవ్వాలంటే ఎలుకలను పిలిచేవాడు. తీగలు నాటాలంటే ఉడుతలను పిలిచేవాడు. కంచె కట్టాలంటే కోతులను పిలిచేవాడు. కోతులు కంచె కడతాయా అంటారేమో, కూలి ముందే చూపిస్తే వాటికి రాని పని లేదు! పొద్దు వాలగానే అందరూ కూలి పుచ్చుకుని, కబుర్లు చెప్పుకుంటూ వెళ్లిపోయేవారు. ఆ కబుర్లు దూరమయ్యేదాకా కంపయ్య ఒక్కడే గుమ్మంలో కూర్చుని వినేవాడు. అప్పుడు అతనికి చాలా దిగులేసేది. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనేవాడు కాదు.

ఒకరోజు మంగతాయి అనే తీతువు పిట్ట వచ్చింది.

"కంపయ్య మావా, నన్ను ఏడాది జీతానికి పెట్టుకో. చేనుగట్టు మీదే ఉంటాను. అడవిపందులు వస్తే అరిచి అందరినీ పోగేస్తాను. రోజూ ఇంత తిండి పెడితే చాలు" అంది.

"పందులు రోజూ వస్తాయా?" అని అడిగాడు కంపయ్య.

"రావు."

"మరి రాని రోజు ఏం చేస్తావు?"

"చూస్తూ ఉంటాను."

కంపయ్యకు నవ్వొచ్చింది. "చూసినందుకు తిండా! కూర్చోబెట్టి మేపడానికి నేనేమైనా పిచ్చివాణ్ణా? పందులొస్తే నేనే కేకేస్తాను. పిలిస్తే చాలు, నా కూలీలు రెక్కలు కట్టుకుని వాలతారు" అన్నాడు.

మంగతాయి తల వంచుకుని వెళ్లిపోయింది.

దుంపలు ఊరే వేళకు ముసురు పట్టింది. కంపయ్యకు జ్వరం తగిలింది, గొంతు పూడుకుపోయింది. సరిగ్గా అప్పుడే పందుల మంద కంచె విరగదొక్కి చేలో పడింది. బొరియలో పడుకున్న కంపయ్యకు అంతా వినిపిస్తోంది. ఒకసారి పిలిచాడు, మాట పెగల్లేదు. మళ్లీ పిలిచాడు, దగ్గే వచ్చింది. మూడోసారి నోరు తెరిచేసరికి గుమ్మం ముందు బాటన ఎవరో పోతున్న అలికిడైంది.

"కంపయ్య ఈమధ్య పిలవడంలేదేం?" అంది ఉడుత.

"పని లేదేమోలే. పిలవని పేరంటానికి మనమెందుకు?" అంది ఎలుక.

కంపయ్య పెదాలు కదిలాయే కానీ మాట బయటికి రాలేదు. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. వాళ్ల తప్పేముంది, పిల్లలూ? పిలిస్తే రమ్మన్నాడు. పిలవలేదు, రాలేదు. వాన హోరులో పందుల సంగతి వాళ్లకేం తెలుసు? కంపయ్య మాత్రం గోడవైపు తిరిగి ఏడ్చాడు.

జ్వరం తగ్గి బయటికొచ్చేసరికి చేలో ఒక్క దుంప మిగల్లేదు. తూలుకుంటూ మంగతాయిని వెతుక్కుంటూ పోయాడు. అది ఎలుగుబంటి జొన్నచేను గట్టు మీద గుడ్లు పొదుగుతోంది.

"నాతో వచ్చెయ్యి తల్లీ. ఏడాదికి కాదు, నీ ఇష్టమొచ్చినన్నాళ్లు ఉండు" అన్నాడు.

మంగతాయికి జాలేసింది. "ఆకలేస్తే చెప్పు మావా, ఎలుగు పెదనాన్ననడిగి గింజలు ఇప్పిస్తాను. కానీ పని లేని రోజున కూడా నాకు అన్నం పెట్టిన ఇల్లిది. వదిలి ఎలా రాను?" అంది.

కంపయ్య ఒంటరిగా తిరిగొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. గొంతు బాగైంది. కానీ ఎవరినైనా పిలవడానికి పనీ లేదు, పని లేకుండా పిలిస్తే వచ్చేవాళ్లూ లేరు.

నీతి: చేసి వెళ్లిపోయే పనికి కూలి చాలు, కనిపెట్టుకుని ఉండే పనికి మనవాళ్లు కావాలి. పని లేని రోజున కూడా పోషించుకుంటేనే వాళ్లు మనవాళ్లవుతారు.