సుంకమ్మ మజ్జిగ

తలూపేవాళ్ళు ఎక్కువ, అడిగేవాళ్ళు తక్కువ అయిన కాలంలో, అనగా అనగా ఒక కొండకింది ఊళ్ళో సుంకమ్మ అనే ముసలామె ఉండేది. మజ్జిగ అమ్ముకుని బతికేది. ఆమెకు పొలం లేదు, పుట్ర లేదు. నోరు మాత్రం ఉంది. ఎవరేం చెప్పినా మూడే మాటలు అడిగేది.

"చూసినావా? విన్నావా? అనుకున్నావా?"

ఒకనాడు గుళ్ళో అమ్మవారి ముక్కెర పోయింది. గుడి ఊడ్చే మారెప్పే తీశాడన్నాడు పూజారి ఓబన్న. అలాంటప్పుడు ఆ ఊళ్ళో తీర్పు బియ్యంతోనే. నింద పడ్డవాడు గుప్పెడు బియ్యం నమిలి ఉమ్మాలి. తడిగా వస్తే మంచివాడు. పొడిగా వస్తే దొంగ. దొంగైతే పెళ్ళాంబిడ్డలతో ఊరు విడిచిపోవాలి.

మారెప్ప నమిలాడు. ఉమ్మాడు. పొడిపిండి రాలింది.

అతని భార్య చంటిబిడ్డతో అక్కడే కూలబడింది. "పొద్దు గుంకేలోగా ఊరు దాటండి" అన్నాడు ఊళ్ళో తీర్పులు చెప్పే పెద్దరెడ్డి.

అప్పుడు సుంకమ్మ నెత్తిమీది కుండ దించింది.

"ఓబన్నా, వీడు తీస్తుంటే చూసినావా?"

"లేదవ్వా."

"తీసినాడని ఎవరన్నా చెప్తే విన్నావా?"

"లేదు."

"అయితే అనుకున్నావా?"

"బియ్యమే చెప్పింది కదవ్వా."

"అంత తెలిసిన బియ్యాన్ని దినామూ ఉడకేసి తింటున్నామే, ఎంత పాపం. సరే, నువ్వూ నమిలి చూపించు. పొడిగా వస్తే నువ్వూ ఊరు దాటాల."

జనం నవ్వారు. అంతమందిలో కాదనలేక ఓబన్న నమిలాడు. ఊరంతా అతని నోటికేసే చూస్తోంది. ఉమ్మాడు. పొడిపిండి రాలింది.

"నువ్వు కూడా రెడ్డీ."

"నన్నే అడుగుతావా ముసలీ?"

"నీకేం భయమప్పా, తీర్పు చెప్పే నోరు కదా నీది."

రెడ్డి నమిలాడు. చాలాసేపు నమిలాడు. ఉమ్మాడు. పొడిపిండే రాలింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. సుంకమ్మ వంగి మూడు చోట్లా చూసింది.

"పోయింది ఒక్క ముక్కెర. దొంగలేమో ముగ్గురు తేలినారు. అమ్మకు ఇంకో రెండు ముక్కులున్నాయేమో చూసి రాండి."

ముందు నవ్వింది పెద్దరెడ్డే. "మరి తీసిందెవరు?" అన్నాడు.

"నాకు తెలీదు. నీకూ తెలీదు. తెలియనోళ్ళం కలిసి ఆ బిడ్డతల్లిని అడవిలోకి తోలితే ఎట్లా? భయమేస్తే ఎవరి నోరైనా ఎండుతుంది రెడ్డీ."

చెంబులో మజ్జిగ వంచి మారెప్ప చేతికిచ్చింది. "తాగు నాయనా. తాగి, నీ మాట నువ్వు చెప్పు."

మారెప్ప తాగాడు. "నేను తియ్యలేదు" అన్నాడు. ఆ రాత్రి పెళ్ళాంబిడ్డలతో తన గుడిసెలోనే పడుకున్నాడు. ముక్కెర మాత్రం దొరకలేదు.

చాలా ఏళ్ళకు సుంకమ్మ మంచం పట్టింది. ఓబన్న పక్కన కూర్చుని, "స్వర్గం తలుపు తెరిచే ఉందవ్వా, దణ్ణం పెట్టుకో" అన్నాడు.

"చూసినావా?"

"లేదు."

"నేను పోయి చూస్తాలే. ఉంటే కబురంపిస్తా."

ఇంతవరకూ కబురు రాలేదు.

కానీ ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరిమీదైనా నింద పడితే ముందు చెంబెడు మజ్జిగ ఇస్తారు. నింద వేసినవాడికీ ఇస్తారు. "సుంకమ్మ మజ్జిగ తాగు, తర్వాత మాట్లాడు" అంటారు. అమ్మవారి ముక్కు ఇంకా బోసిగానే ఉంది. కొత్త ముక్కెర చేయిస్తామని ఎవరన్నా ముందుకొస్తే పెద్దలు ఒప్పుకోరు. మనకు తెలియనిది ఒకటుందని అమ్మ ముఖం చూసినప్పుడల్లా గుర్తు రావాలంటారు.